సాయిల్ గ్యాస్ రిపోర్టులో "ఏమీ లేదు" అని వస్తే స్థలం కొనేయవచ్చా?

పాత డ్రైక్లీనింగ్ షాపు ఉన్న స్థలం, నేల లోపలి గాలిని (సాయిల్ గ్యాస్) పరీక్షించిన రిపోర్టులో పీసీఈ అనే హానికరమైన డ్రైక్లీనింగ్ రసాయనం కనబడలేదు, ఇక టెన్షన్ లేనట్టేనా అని అడిగారు. ఆ ఒక్క మాట చూసి కొనకండి. శాంపిల్ ఎలా తీశారో ముందు చూడండి.

నేను కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో కొన్నేళ్లు ఈ పనే చేశాను. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలు వాడిన టీసీఈ అనే అలాంటి రసాయనం, డ్రైక్లీనింగ్ షాపులు వాడిన పీసీఈ అక్కడ చాలాచోట్ల నేలలోకి దిగాయి. ఇవి మట్టి సందుల్లో ఆవిరిగా పాకి, ఫ్లోరు పగుళ్లలోంచి ఇళ్లలోకి చేరతాయి. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఇళ్లు కొనుక్కున్న ప్రాంతం అది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒకసారి అలాంటి షాపు వెనకే ఐదడుగుల లోతుకి సన్నటి గొట్టం దించి, చుట్టూ బెంటొనైట్ మట్టితో (నీళ్లకి ఉబ్బి సందులు మూసే బంకమట్టి) మూశాం. ల్యాబ్‌లో పీసీఈ దాదాపు రాలేదు. స్థలం యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. కానీ అదే శాంపిల్‌లో హీలియం బాగా ఉంది. గాలి లాగేటప్పుడు గొట్టం పైభాగం మీద మూత బోర్లించి, అందులో హీలియం నింపుతాం. ఇదే లీక్ టెస్ట్. హీలియం శాంపిల్‌లోకి వచ్చిందంటే పైగాలి లోపలికి దూరినట్టే. అంటే మేం పరీక్షించింది చాలావరకు బయటి గాలినే! బెంటొనైట్ సరిగ్గా నానలేదు, నానబెట్టింది నేనే. పక్క గోడకి అవతల పిల్లల డేకేర్ ఉంది. కొత్త గొట్టం దించి, సీల్ బాగా ఉబ్బి పట్టుకున్నాక మళ్లీ తీశాం. ఈసారి పీసీఈ హద్దు దాటింది.

వాన సంగతి కూడా చూడండి. మట్టి సందుల్లో నీళ్లు నిండితే గాలి కదలదు. అక్కడ అర అంగుళం వాన పడితే ఐదు రోజులు ఆగేవాళ్లం. పంపు కూడా నిమిషానికి 200 మిల్లీలీటర్లు దాటనిచ్చేవాళ్లం కాదు, గట్టిగా లాగితే పైగాలి దిగుతుంది.

పెట్రోల్ బంకు స్థలమైతే లెక్క వేరు. ఆక్సిజన్ అందే మట్టిలో, పెట్రోల్‌లో ఉండే బెంజీన్‌ని సూక్ష్మజీవులు తినేస్తాయి, కాబట్టి పైపొరలో తక్కువగా కనబడవచ్చు. కింద చాలా ఉండవచ్చు. పీసీఈకి ఆ అదృష్టం లేదు, ఆక్సిజన్ ఉన్నా అది అలాగే ఉంటుంది.

మీ రిపోర్టు చివర ఫీల్డ్ షీట్లు ఉండాలి. అందులో లీక్ టెస్ట్ అంకె, తేదీ, లోతు చూడండి. లీక్ టెస్ట్ లేకపోతే అడ్వాన్సు ఇవ్వకముందే మళ్లీ శాంపిల్ తీయించమనండి. ఈసారి బిల్డింగ్ ఫ్లోరు కిందనుంచి కూడా.