క్లోప్ అవుతానంటున్న గాజువాక కుర్రాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఫుట్‌బాల్‌లో జిల్లా జట్టుకు మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. "ముందు ప్లేయర్‌ని అవుతా, తర్వాత జర్మన్ కోచ్ క్లోప్‌లా మేనేజర్‌ని, ఆ తర్వాత టీవీలో మ్యాచ్ విశ్లేషణ, చివర్లో స్పీచ్‌లు" అంటాడు. మ్యాథ్స్ నోట్సు వెనక పేజీల నిండా మైదానం బొమ్మలు, బాణాలే. వాళ్ల నాన్నగారు షిప్‌యార్డులో పనిచేస్తారు, ఈ మాటెత్తితేనే కోపం. రోజూ ఇంట్లో టెన్షన్. ఇందులో నిజంగా బతుకుతెరువు ఉందా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు వాళ్ల నాన్నగారి కోపంలో ఉన్న నిజం ఒప్పుకుందాం. ఫుట్‌బాల్ మీదే బతకాలనుకునే పిల్లల్ని క్లబ్బుల అకాడమీలు పదమూడు, పద్నాలుగేళ్లకే ఏరుకుంటాయి. మీవాడు ఆ వయసు దాటేశాడు. మన ఊళ్లో ఐఎస్ఎల్ (దేశంలో పై స్థాయి ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బు లేదు. 2020లో శ్రీనిధి క్లబ్బు విశాఖ పేరు మీదే దాని కింది స్థాయి ఐ-లీగ్‌లో చోటు సంపాదించింది, తీరా హైదరాబాద్‌లో ఆడింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ కప్పు కొట్టింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. అదే ఏడాది జులైలో నిర్వహణ ఒప్పందం తేలక ఐఎస్ఎల్ సీజనే ఆగింది. కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. జీతం ఆగినవాళ్లలో దేశానికి ఆడినవాళ్లూ ఉన్నారు.

అయితే మీవాడి ప్లాన్‌లో నాకు కనిపించిన అసలు లోపం ఇది కాదు. నాలుగు ఉద్యోగాలూ బస్టాపుల్లా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయనుకుంటున్నాడు. వాడి క్లోప్‌కే అలా రాలేదు.

యూర్గెన్ క్లోప్ ఆటగాడిగా మామూలువాడు. జర్మనీ రెండో డివిజన్‌లో మైంజ్ అనే చిన్న క్లబ్బుకు 300కు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆడుతూనే ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీలో స్పోర్ట్స్ సైన్స్ చదివాడు. తన కోచ్ వోల్ఫ్‌గాంగ్ ఫ్రాంక్ ఎవరిని ఎక్కడ నిలబెడుతున్నాడో, ఎందుకో గమనిస్తూ వచ్చాడు. 2001 ఫిబ్రవరిలో జట్టు కింది డివిజన్‌కు జారిపోయేలా ఉంటే, నిన్నటిదాకా తమతో ఆడినవాడినే క్లబ్బు కోచ్‌ని చేసింది. 2006 ప్రపంచకప్ అప్పుడు జర్మన్ టీవీలో కూర్చుని మ్యాచ్‌లు విడమరిచి చెప్పింది కూడా మైంజ్ కోచ్‌గా ఉంటూనే. డోర్ట్‌మండ్, లివర్‌పూల్ లాంటి పెద్ద క్లబ్బులకు కోచ్ కావడం ఆ తర్వాతి మాట.

దీనికి ఎదురు ఉదాహరణ గ్యారీ నెవిల్. మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్, ఎన్నో కప్పులు. ఆట మానేసిన ఏడాదే టీవీ విశ్లేషకుడై మంచి పేరు తెచ్చుకున్నాడు. 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లో వాలెన్సియా జట్టు అప్పగిస్తే నాలుగు నెలలు కూడా నిలవలేదు. మళ్లీ టీవీకే వచ్చాడు, ఇప్పటికీ అందులో మేటి. ఆడటం వేరు, ఆడించడం వేరు, అర్థమయ్యేలా చెప్పడం వేరు.

ఇంకో సంగతి మీవాడికి చెప్పండి. వాడనే మేనేజర్ పనిని మన దేశంలో హెడ్ కోచ్ చేస్తాడు. ఇక్కడ టీమ్ మేనేజర్ అంటే రైలు టికెట్లు, కిట్లు, భోజనాలు చూసుకునే మనిషి. ఆ పనీ తీసిపారేసేదేం కాదులెండి.

కోచ్ కావడానికి ఇండియా జట్టులో ఆడి ఉండాలన్న నియమం లేదు. హైదరాబాద్ స్కూల్ టీచర్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతి కింద మన జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. ఇప్పుడు కోచింగ్‌కి లైసెన్సుల మెట్లున్నాయి: డి, ఆపైన సి, బి, ఏ, చివర ప్రో. డిగ్రీ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చేస్తే స్కూళ్లలో పీఈటీ ఉద్యోగాలకు దారి దొరుకుతుంది. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్ ఇచ్చే కోచింగ్ డిప్లొమా ఇంకో దారి. డిగ్రీ లేకపోతే ఈ రెండు తలుపులూ చాలామందికి మూసుకున్నట్టే. అందుకే ఇంటర్ విషయంలో నేను నాన్నగారి పక్షం. ఎంపీసీయే ఉండాలా అంటే మాత్రం కాదు.

ఆటగాడిగా విశాఖ కుర్రాడికి అందే మెట్టు స్పోర్ట్స్ కోటా. రాష్ట్ర జట్టుకో, యూనివర్సిటీ జట్టుకో ఆడితే రైల్వే లాంటి చోట్ల అవకాశం ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగింది. ఇక్కడ కాగితమే ప్రాణం. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి నేషనల్స్ ఆడాడు, సర్టిఫికెట్ మీద ఒక సంతకం లేదు. "తర్వాత చూద్దాంలే" అన్నది నేనే. ఆ సంతకం కోసం ఒక ఆఫీసు చుట్టూ వాడు రెండేళ్లు తిరిగాడు, ఈలోగా నోటిఫికేషన్ గడువు దాటిపోయింది. అప్పట్నుంచి ప్రతి తల్లికీ చెబుతున్నాను: సర్టిఫికెట్ చేతికి రాగానే పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ, సంతకం, సీలు అక్కడే నిలబడి చూసుకోమనండి.

ఇక టీవీ. దీనికి మన గాజువాకలోనే మనిషున్నాడు, కాకపోతే క్రికెటర్. వేణుగోపాలరావు ఇండియాకు 16 వన్డేలు ఆడి, తెలుగు కామెంటరీలో పేరు తెచ్చుకుని, 2024లో ఢిల్లీ క్యాపిటల్స్‌కు డైరెక్టర్ ఆఫ్ క్రికెట్ అయ్యాడు. తెలుగులో ఫుట్‌బాల్‌కు అంత మార్కెట్ ఇంకా లేదు, దాచడం దేనికి? కానీ ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నానమ్మకు కూడా అర్థమయ్యేలా తెలుగులో చెప్పగల కుర్రాడు కోచ్‌గానైనా నెగ్గుకొస్తాడు. స్పీచ్‌ల మాట వదిలేయండి. ఏదో ఒకటి సాధించినవాడిని జనమే పిలుస్తారు, దానికోసం పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులకు డబ్బు కట్టకండి.

ఈ ఏడాది చేయాల్సింది చిన్నదే. మీ వీధిలో పదేళ్లలోపు పిల్లల్ని ఓ పన్నెండు మందిని పోగుచేసి ఆదివారం పొద్దున గంటసేపు నేర్పమనండి. కోన్లు కొనక్కర్లేదు, చెప్పులు వరసగా పెడితే సరిపోతుంది. మూడో వారానికి సగం మంది మానేస్తారు. ఎందుకు మానేశారో వాడు కనిపెట్టాలి. బంతి అస్సలు అందని పిల్లాడెవరు, ఏడ్చినవాడెవడు, అరిస్తే వినని వాళ్లు పక్కన కూర్చుని చెబితే విన్నారా అని. ఆరు నెలలు ఇది చేసి ఇంకా ఉత్సాహంగా ఉంటే వాడిలో కోచ్ ఉన్నట్టు. విసుగొస్తే, ఆటగాడిగా కోటా ఉద్యోగం వైపు నడిపిద్దాం. ఒక ఆదివారం వాళ్ల నాన్నగారిని కూడా గట్టు మీద కూర్చోబెట్టండి, ఏమీ మాట్లాడకుండా చూడమని చెప్పి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ బాణాల బొమ్మలు. వాటికోసం రెండొందల పేజీల నోటుబుక్కు విడిగా ఒకటి కొనివ్వండి, మ్యాథ్స్ నోట్సు మ్యాథ్స్‌కు మిగులుతుంది.