మూడు నిమిషాల థీసిస్ పోటీకి స్కాలర్లను ఎలా తయారు చేయాలి?

నలుగురు పీహెచ్‌డీ స్కాలర్లు, మూడు వారాల టైము, స్లైడుతో మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దండీ. మొదటి రెండు వారాలు స్లైడు జోలికే వెళ్లకండి. ఎలాగూ ఉండేది ఒక్కటే, అందులో యానిమేషన్లూ వీడియోలూ కుదరవు.

పీహెచ్‌డీ పరిశోధనను సబ్జెక్టు తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా మూడు నిమిషాల్లో చెప్పే ఈ పోటీ 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో పుట్టింది. కరువు రోజుల్లో అక్కడి జనం స్నానం మూడు నిమిషాల్లో ముగించడానికి బాత్రూముల్లో చిన్న టైమర్లు పెట్టుకునేవారు, ఆలోచన అక్కడిది. నా స్కాలర్లకు మొదటి రోజే ఇది చెప్తాను. టైము అయ్యాక నీళ్లు ఆగిపోయాయనుకోండి, సబ్బు ఒంటిమీదే ఉండిపోతుంది. మూడు నిమిషాలు దాటితే డిస్‌క్వాలిఫై.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒక కుర్రాడికి స్క్రిప్టు నేనే రాసిచ్చాను. మంచి ఇంగ్లీషే, శుభ్రంగా బట్టీ పట్టాడు. స్టేజీ మీద సగంలో ఒక్క మాట మర్చిపోయాడు, ఇక తర్వాతి వాక్యం దొరకలేదు. అవి తన వాక్యాలైతే కదా దొరకడానికి! పాపం, వాడు నన్ను ఒక్క మాటా అనలేదు.

అప్పటినుంచి పోటీ ఇంగ్లీషులోనే అయినా ముందు తెలుగులో చెప్పిస్తున్నాను, అదీ సబ్జెక్టు తెలియని మనిషికి. అనంతపురం వైపు అమ్మాయి ఒకరు వేరుశనగలో అఫ్లాటాక్సిన్ మీద, అంటే బూజు వల్ల గింజలో చేరే విషం మీద, పనిచేసేది. ఇంగ్లీషులో ఆమె మొదటి వాక్యంలోనే ఆ బూజు శాస్త్రీయ నామం, ఆస్పర్జిల్లస్ ఫ్లావస్, వచ్చేసింది. హాస్టల్ మెస్‌లో వంట చేసే అక్కకు చెప్పమని పంపించి, ఫోన్‌లో రికార్డు చేయమన్నాను. అక్కడ ఇలా మొదలుపెట్టింది: “అక్కా, శెనక్కాయలు తింటాంటే ఒకటి చేదు తగిలితే ఉమ్మేస్తాం కదా? చేదు లేని గింజలోనూ విషం ఉండొచ్చు. వేయించినా పూర్తిగా పోదు.” ఇంకేం కావాలి! దాన్నే ఇంగ్లీషులో పెట్టుకుంది.

అంకెల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. యూరప్‌లో నేరుగా తినే వేరుశనగలో ఈ విషానికి పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు. వినేవాళ్లకు అది గాల్లో మాట. కాగితం మీద లెక్క వేసి చూశాం: ఐదు టన్నుల గింజల్లో కలిపి దాదాపు ఒక బియ్యపు గింజ బరువు. ఆ మాటకు హాల్లో చూపులన్నీ ఆమె వైపు తిరిగాయి.

ఒప్పించాలన్న ఊపులో నిజం దాటనివ్వకండి. “శెనక్కాయలు తింటే క్యాన్సర్ వస్తుంది” అని రాసుకొచ్చింది, కొట్టేయించాను. ఎక్కువకాలం ఒంట్లోకి చేరుతుంటే కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, అంతవరకే చెప్పాలి. జడ్జీల్లో ఒక్కరికి ఆ సబ్జెక్టు తెలిసినా పరువు పోతుంది.

గైడ్లు వచ్చి “మెథడాలజీ ఏదీ?” అంటారు. ఒక్క వాక్యం ఇవ్వండి, రెండు అడిగితే నవ్వి ఊరుకోండి. ఈ అమ్మాయి ఇచ్చింది ఇదే: పంట చివర్లో వాన ముఖం చాటేస్తే బూజు కాయలోకి చేరడం పెరుగుతుంది, అప్పుడు కూడా దాన్ని బయటే ఆపగల రకాలేవో వెతుకుతున్నాను.

ఇంగ్లీషులో నేను 360 పదాలు దాటనివ్వను. టెన్షన్‌లో మనవాళ్లు పరిగెత్తుతారు కాబట్టి టైము మిగులుతుందనుకుంటాం. కానీ నవ్వులకీ, తడబాటుకీ కొన్ని సెకన్లు పోతాయి. గదిలో 2 నిమిషాల 45 సెకన్లకు ముగిస్తే స్టేజీ మీద సరిపోతుంది.

ముగింపు కోసం మేం చాలా తంటాలు పడ్డాం. “థాంక్యూ” తప్ప ఏమీ తోచలేదు. చివరికి ఆ రికార్డింగ్ మళ్లీ వింటే, వంట అక్క అడిగిన ప్రశ్న దొరికింది: “మరి మంచి కాయ ఏదో నాకెట్లా తెలుస్తాది?” ఆ ప్రశ్న అడిగి, “ఆమెకు తెలియాల్సిన పని లేకుండా పొలంలోనే ఆపడమే నా పని” అని దిగిపోయింది.