మధ్యలో ఆపేసిన సిరీస్ చూడొచ్చా? నేనైతే చూడమనే అంటాను

‘ముగింపు లేకుండా ఆపేసిన యాక్షన్ థ్రిల్లర్ చూడడం టైమ్ వేస్టేనా?’ అని అడిగారు. కానే కాదు. కాకపోతే అది ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలుసుకుని మొదలుపెట్టండి. ‘టెర్మినేటర్: ది సారా కానర్ క్రానికల్స్’ చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇది.

ఇది అమెరికాలో ఫాక్స్ ఛానల్లో 2008 జనవరిలో మొదలైంది. యంత్రాలతో రాబోయే యుద్ధంలో మనుషులకు నాయకుడు కావలసిన జాన్ ఇంకా స్కూలు వయసు కుర్రాడు. వాళ్లమ్మ సారా అతన్ని కాపాడుకుంటూ, అసలా యుద్ధమే రాకుండా ఆపాలని చూస్తుంటుంది. తోడుగా భవిష్యత్తు నుంచి వచ్చిన కామెరాన్ అనే ఆడ మరమనిషి. మొదటి ఎపిసోడ్‌లోనే ముగ్గురూ 1999 నుంచి 2007కి వచ్చేస్తారు. అలా ఆ ఏళ్లు దాటి రాకపోయి ఉంటే తను 2005లోనే క్యాన్సర్‌తో చనిపోయేదని సారాకు ఆ తర్వాత తెలుస్తుంది. ఎదురొచ్చిన యంత్రంతో ఎలాగోలా పోరాడగలదు. కానీ ఒంట్లో ఉందో లేదో తెలియని జబ్బుతో ఎలా పోరాడాలి? ఎంత పెద్ద ఫైట్ జరుగుతున్నా ఆ భయం వెనకాలే ఉంటుంది. ఇలాంటి కథ సినిమాలో రెండు గంటల్లో ఇమడదు. సిరీస్‌కే చెల్లింది.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. విశాఖలో చదువుకునే మా బావ డీవీడీలు తెచ్చిస్తే మొదటిసారి ఒక్కదాన్నే చూశాను. ఆగిపోయిందని తెలియదు. ఆఖరి సీన్ అయ్యాక మూడో సీజన్ కోసం వెతికితే, అలాంటిదేమీ తీయనేలేదని తెలిసింది. చాలా రోజులు బాధగానే ఉంది.

తర్వాత అమ్మతో కలిసి మళ్లీ చూశాను. అమ్మకి ఇంగ్లీషు రాదు, చదవడం తెలుగు ఒక్కటే. సీన్ సీన్‌కీ రిమోట్‌తో ఆపి చెప్పేదాన్ని. ఈసారి ముందే చెప్పేశాను, ‘కథ పూర్తవదమ్మా, కొడుకు తల్లిని వదిలి వెళ్లే చోట ఆగిపోతుంది’ అని. అమ్మ కాసేపు ఆలోచించి, ‘అయితే ఆ పిల్లడు మళ్లీ తల్లి దగ్గరికి వస్తాడో రాడో మనకి తెలీదేటే?’ అంది. తెలీదన్నాను. ‘సరే, ఆవిడ ఏం చేసిందో అదే చూద్దాం’ అంది. నిజంగా అలాగే చూసింది. రేపేమవుతుందన్న టెన్షన్ లేకుండా, ఈ పూట సారా ఏ నిర్ణయం తీసుకుంది, కొడుకు దగ్గర ఏది దాచింది అని. అమ్మ పక్కన కూర్చుని చూస్తే నాకూ కొత్తగా కనిపించింది.

ఎందుకు ఆపేశారంటే, చూసేవాళ్లు తగ్గిపోయారు. మొదటి ఎపిసోడ్‌ని సుమారు 1.8 కోట్ల మంది చూశారు. ఆ సమయంలో హాలీవుడ్ రచయితల సమ్మె నడుస్తోంది. దానివల్ల 13 ఎపిసోడ్లు అనుకున్న మొదటి సీజన్ తొమ్మిదితోనే ముగిసింది. ఊపు అందుకోవలసిన టైమ్‌లో అంత గ్యాప్ వస్తే జనం ఎక్కడ ఆగుతారు? రెండో సీజన్‌లో 22 ఎపిసోడ్లు వచ్చాయి కానీ, 2009 ఫిబ్రవరిలో దాన్ని శుక్రవారం రాత్రికి మార్చారు. అక్కడ శుక్రవారం రాత్రి టీవీ ముందు కూర్చునేవాళ్లు తక్కువ. ఏప్రిల్ 10న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌కి 40 లక్షల మంది కూడా లేరు. మే నెలలో రద్దు చేశారు. ఇంత మంచి కథకి ఇంకొక్క సీజన్ ఇవ్వకపోవడం అన్యాయమే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆఖరి ఎపిసోడ్ గురించి వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి. జాన్ భవిష్యత్తులోకి వెళ్తాడు, సారా ఇక్కడే ఉండిపోతుంది. మనుషులందరికీ నాయకుడు కావలసిన జాన్ పేరు అక్కడ ఎవరూ వినలేదు. అంతకుముందే చనిపోయిన పెదనాన్న డెరెక్ అక్కడ బతికే ఉన్నాడు, కానీ జాన్ ఎవరో అతనికి తెలియదు. ఆ పక్కనే కైల్ ఉన్నాడు, భవిష్యత్తు నుంచి సారా కాలానికి వచ్చి జాన్‌కి తండ్రి అయిన మనిషి, కానీ ఇక్కడ ఇతను తన కొడుకని ఎరగడు. కామెరాన్ ముఖం ఏ అమ్మాయిదో ఆ అమ్మాయి కూడా కనిపిస్తుంది, ఈమె మామూలు మనిషి. దానికి ముందు 30 ఎపిసోడ్లు చూసి వచ్చినవాళ్లకి ఇది తెగిపోయిన కథలా కాకుండా, చాలా ధైర్యంగా తీసుకున్న మలుపులా అనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. రెండో సీజన్ మధ్యలో సారా మూడు చుక్కల గుర్తు వెంటపడి తిరిగే ఎపిసోడ్లు బాగా నెమ్మదిగా నడుస్తాయి. చాలామంది అక్కడే మానేస్తారు. మీరు మానకండి, ఆఖర్లో వచ్చే ఎపిసోడ్లే మొత్తం సిరీస్‌లో గొప్పవి. ఇంట్లో అమ్మగారో అత్తగారో ఉంటే వాళ్లని కూడా కూర్చోబెట్టుకోండి. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు, కథ చెప్పేవాళ్లు పక్కనుంటే చాలు.