సంచిగుడ్డ దగ్గర ఆగు

తమ్ముడూ,

కాంగో పెయింటర్ షేరీ సాంబా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆఫ్రికా ఆత్మ, మూలాల పిలుపు, అస్తిత్వ వేదన అన్నీ మొదటి పేరాలోనే దించేశావు, మనిషి మాత్రం రెండో పేజీ దాకా రాలేదు. ఆ పేరా కొట్టెయ్. పేరు మార్చి ఇంకే ఆఫ్రికన్ పెయింటర్‌ని పెట్టినా సరిపోయేలా ఉంది.

1956లో కాంగోలోని కింటో మ్వుయిలా అనే పల్లెలో కమ్మరి ఇంట పుట్టాడు, ఆర్ట్ కాలేజీ గడప తొక్కలేదు, 1972లో రాజధాని కిన్షాసా చేరి బోర్డులు రాసి బతికాడు, 1975లో సొంతంగా స్టూడియో తెరిచాడు, ఇంకోపక్క ఓ పత్రికకి కామిక్స్ గీశాడు, కాన్వాస్ కొనలేక సంచిగుడ్డ మీద బొమ్మలేశాడు. ఇంత సరుకుని నువ్వు 'పేదరికాన్ని జయించి' అని రెండు ముక్కల్లో తేల్చేశావు! ఆ సంచిగుడ్డ దగ్గర కాసేపు ఆగవయ్యా.

జనం బొమ్మని ఓ చూపు చూసి వెళ్ళిపోతున్నారని అందులోనే ఫ్రెంచిలో, అక్కడి లింగాలా భాషలో మాటలు రాయడం మొదలెట్టాడు. చదవాలంటే నిలబడాలి కదా. రోడ్డు మీద బోర్డులు రాసినవాడికే తడుతుంది ఆ ఉపాయం (మన పత్రికల వాళ్ళకీ తడితే బాగుండు).

2003లో వేసిన 'నాకు రంగంటే ఇష్టం' చూడు. నీలాకాశం ముందు తన బొమ్మే, పళ్ళ మధ్య కుంచె, ముఖమంతా రిబ్బన్‌లా చుట్లు చుట్లుగా విడిపోయి ఆ సందుల్లోంచి ఆకాశం కనిపిస్తూ. నువ్వు 'ఛిద్రమైన అస్తిత్వం' అన్నావు. నాకైతే అందులో ఏడుపేమీ కనబడలేదు, మనిషి దర్జాగా ఉన్నాడు.

అస్తిత్వం గురించే రాయాలంటే 1997 నాటి 'మన కళకి ఏం భవిష్యత్తు?' ఉంది, దాని ఊసే ఎత్తలేదు నువ్వు. బల్ల మీద ఆఫ్రికన్ మాస్కులు, వాటి ముందు పికాసో, పక్కనే సాంబా. ఆ మాస్కుల నుంచి పికాసో ఎంత తీసుకున్నాడో లోకానికి తెలుసు, వాటిని చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. అలాగని సాంబా బయట నిలబడి శాపనార్థాలు పెట్టట్లేదు, 1989లో పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే ఆర్ట్ మ్యూజియం వాళ్ళు పెట్టిన ప్రదర్శనతో ప్రపంచానికి తెలిసినవాడు, అదే మార్కెట్లో తనూ అమ్ముకుంటూ ఆ ప్రశ్న అడుగుతున్నాడు. ఆ ఇబ్బంది పట్టుకో, వ్యాసం దానంతటదే నడుస్తుంది.

ఆదివారం లోపు తిరగరాసి పంపు, ఎడిటర్‌కి వెళ్ళేలోపు ఇంకోసారి చూస్తాను.

మీ అన్నయ్య