మందు తినని ఎలుకలు

ప్రశ్న: కోవూరు దగ్గర మూడెకరాల వరి చిరుపొట్ట దశలో ఉంది. గట్లన్నీ ఎలుక బొరియలే. జింక్ ఫాస్ఫైడ్ ఎర పెడితే మొదటిరోజు నాలుగు చచ్చాయి, తర్వాత ముట్టుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ మందు కొద్దిగా తిని బతికిన ఎలుక మళ్లీ దాని జోలికి రాదు. అందుకే ముందు రెండు మూడు రోజులు మందు కలపని నూకలు అలవాటు చేయాలి. మీరు ఆ పని చేసినట్టు లేరు. ఇప్పుడు బ్రోమోడయోలోన్‌కు మారండి. ఇది తిన్న కొన్ని రోజులకు గాని చావదు కాబట్టి ఎలుకకు అనుమానం రాదు.

సాయంత్రం బొరియలన్నీ బురదతో మూయండి. తెల్లారి తెరిచి ఉన్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు. 480 గ్రాముల నూకలకు 10 గ్రాముల వంటనూనె పట్టించి, 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి 10 గ్రాములు కలపండి. నూనె తక్కువైతే పొడి అడుగున రాలిపోతుంది. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, బొరియలోకి జానెడు లోతున తోయండి. సుమారు 33 పొట్లాలు వస్తాయి. చేతికి తొడుగు తప్పనిసరి. చచ్చినవాటిని కుక్కలకు, గద్దలకు అందకుండా పూడ్చేయండి.

గింజ పాలు పోసుకున్నాక ఎర వైపు చూడవు, కాబట్టి ఆలస్యం వద్దు. అప్పటికీ మిగిలితే యానాదుల పొగకుండే మేలు: గడ్డి కూరి నిప్పంటించిన కుండ మూతిని బొరియకు ఆనించి, అడుగు రంధ్రం నుంచి ఊదాలి. పొగ వచ్చిన పక్క బొరియలను వెంటనే మూయాలి, లేకపోతే ఎలుక అటు నుంచి పారిపోతుంది. గట్లు సన్నగా చెక్కకపోతే వచ్చే ఏడూ ఈ తంటా తప్పదు.