పార్కు చుట్టూ రేకులు లేచాయి, ఎవర్ని అడగాలి?

ప్రశ్న: అమ్మా, మాది బెంగళూరు కృష్ణరాజపురం దగ్గర ఒక లేఔట్. కడప వైపు నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. మా వీధి మూల మీదున్న పార్కు చుట్టూ పోయిన నెల రేకులు కట్టేశారు. జేసీబీ వచ్చి పిల్లల జారుడుబల్ల పెకలించి పక్కన పడేసింది. రెండు కానుగ చెట్లకు ఎర్ర రంగు గుర్తులు పెట్టారు. మేస్త్రీని అడిగితే కమ్యూనిటీ హాలు అంటాడు. ఆఫీసుకు వెళ్తే ‘పైనుంచి ఆర్డరు’ అన్నారు గానీ ఆ ఆర్డరు చూపించలేదు. మాలో ఎక్కువమంది తెలుగువాళ్ళం. కన్నడం మాట్లాడతాం, రాయలేం. మా మాట చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చెల్లుతుందమ్మా. ఆ వీధిలో కాపురం ఉంటున్నారు, అది చాలు. ఈ మాట సుప్రీంకోర్టే చెప్పింది, అదీ మన బెంగళూరు పార్కు విషయంలోనే. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన జాగాను ఒక ట్రస్టుకు ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోమని ఇచ్చేశారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు హైకోర్టుకు వెళ్ళారు. మొదట ఓడిపోయారు. తర్వాత అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచిలో గెలిచారు. 1991లో సుప్రీంకోర్టు ఆ గెలుపునే నిలబెట్టింది. పార్కు పోతే నష్టపోయేది అక్కడ ఉండేవాళ్ళే గనక అడిగే హక్కు వాళ్ళకుందని తేల్చింది. ముద్దప్ప కేసు అనండి, ఇక్కడి వకీళ్ళకు వెంటనే తెలుస్తుంది. ఆసుపత్రి కూడా జనానికి పనికొచ్చేదే కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. హాలు కూడా జనం కోసమే కదా అని మీతో ఎవరైనా అంటే ఈ కేసు గుర్తుపెట్టుకోండి.

కానీ దానికంటే ముందు తేలాల్సింది ఒకటుంది. మీ పార్కు నేల మీద ఉంది. కాగితం మీద ఉందా?

మా లేఔట్‌లో 2014లో ఇలాగే జరిగింది. పార్కులో చెత్త వేరుచేసే షెడ్డు కడతామన్నారు. నేను కోపంలో రెండు పేజీల అర్జీ రాశాను. సమాచార హక్కు కిందే పెట్టాను. పార్కు సంగతి, కాలువ సంగతి, వీధి దీపాల సంగతి, మొత్తం ఏడు ప్రశ్నలు. నెల తర్వాత అది తిరిగొచ్చింది. కర్ణాటక నియమాల ప్రకారం అర్జీ ఒకే విషయం మీద ఉండాలి, 150 మాటలకు మించకూడదు. అది నాకు తెలియదు. ఆ నెల రోజుల్లో షెడ్డుకు పునాది లేచింది. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను: ఒక అర్జీలో ఒకే విషయం పెట్టండి.

రెండోసారి మూడే అడిగాను. మా లేఔట్‌కు మంజూరైన ప్లాను నకలు, ఆ షెడ్డు పనికి ఇచ్చిన ఆర్డరు నకలు, పని ఏ సర్వే నంబరులో జరుగుతోంది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేశాను. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. నా అదృష్టం, ఇరవై ఆరో రోజున కవరు వచ్చింది.

ఆ ప్లాను జిరాక్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నాలుగు కాగితాలు అతికించి చేసిన పెద్ద షీటు. మడతల దగ్గర నలుపు చెదిరిపోయింది. మూలన అడ్డగీతలు గీసిన చతురస్రం, అందులో చేత్తో రాసిన ‘ఉద్యానవన’ అన్న కన్నడ మాట, పక్కన కొలతలు. మా ఎదురింటి పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరిపి వేలు పెట్టి చదివారు: నూటఇరవై అడుగులు, తొంభై అడుగులు. ఆదివారం పొద్దున టేపు పట్టుకుని కొలిచాం. నూటఇరవై సరిపోయింది. రెండోవైపు డెబ్భై నాలుగే ఉంది. షెడ్డు గురించి వెళ్ళినవాళ్ళకు పదహారు అడుగులు ఎవరి ప్రహరీలోనో ఉన్నాయని అప్పుడు తెలిసింది.

షెడ్డు ఆగింది. ఆ పదహారు అడుగులు మాత్రం ఈనాటికీ రాలేదు. ఇంకా తిరుగుతూనే ఉన్నాం.

మీ వైపు కాగితం వెతకడం ఇంకాస్త కష్టం, ఎందుకో చెప్తాను. కృష్ణరాజపురం ఒకప్పుడు వేరే నగరసభ. 2007లో బీబీఎంపీలో, అంటే బృహత్ బెంగళూరు మహానగర పాలికలో, కలిసింది. 2025 సెప్టెంబరు 2న బీబీఎంపీ పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి, మీరిప్పుడు తూర్పు కార్పొరేషన్ కింద ఉన్నారు. లేఔట్ వేసిన కాలాన్ని బట్టి మీ ఫైలు పంచాయతీలో పుట్టిందో, నగరసభలో పుట్టిందో, బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) మంజూరు చేసిందో. ‘మా దగ్గర లేదు’ అని ఒక చోట అంటే అదే రాసి ఇవ్వమనండి. సమాచారం ఇంకో ఆఫీసులో ఉంటే అర్జీని అక్కడికి పంపాల్సిన బాధ్యత కూడా వాళ్ళదే.

బీడీఏ వేసిన లేఔట్ అయితే మీ చెయ్యి గట్టిది. బీడీఏ చట్టం ప్రకారం లేఔట్‌లో 15 శాతం పార్కులకు, ఆటస్థలాలకు వదలాలి. అలా వదిలినదాన్ని ఇంకో పనికి ఇస్తే అది చెల్లదని ఆ చట్టంలోని 38ఏ సెక్షన్ చెప్తుంది. దానికి తోడు పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాల రక్షణకు 1985 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది. ప్రైవేటు లేఔట్ అయితే పార్కు జాగాను రిజిస్టరు పత్రంతో అధికారులకు అప్పగించారో లేదో చూడాలి. ఆ సర్వే నంబరుకు రిజిస్ట్రేషన్ శాఖవాళ్ళ కావేరి పోర్టల్‌లో ఈసీ, అంటే ఆ జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ, తీయించండి. సర్వే నంబరు తెలియకపోతే ఫోన్‌లో దిశాంక్ అనే ప్రభుత్వ భూముల మ్యాపు యాప్ వేసుకుని పార్కు దగ్గర నిలబడండి, నంబరు చూపిస్తుంది.

ఇక మనసుకు కష్టమైనా చెప్పాల్సిన మాట. మీది రెవెన్యూ లేఔట్, అంటే పొలాన్ని అనుమతుల్లేకుండా సైట్లుగా కోసి అమ్మినది అయి, మంజూరైన ప్లానే లేకపోతే, సైట్లు అమ్మినాయన బ్రోషర్‌లో పచ్చరంగు వేసి చూపించిన పార్కు కాగితం ముందు బలహీనం. అప్పుడు పోరాటం వేరే దారిలో చెయ్యాలి. ఆ సంగతి తెలియకుండా జనాన్ని రోడ్డు మీద కూర్చోబెట్టకండి. ఒకసారి నీరుగారిన జనం మళ్ళీ రారు, మా దగ్గర చూశాను.

కానుగ చెట్ల పని మాత్రం ఈ రోజే చెయ్యండి. 1976 నాటి కర్ణాటక చెట్ల రక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసరు అనుమతి లేకుండా వాటిని కొట్టకూడదు. రంగు గుర్తు, పక్కన కరెంటు స్తంభం నంబరు, రెండూ కనిపించేలా ఫోటోలు తీసి, ‘అనుమతి ఉందా, ఉంటే నకలు ఇవ్వండి’ అని రాసివ్వండి. కొట్టేశాక రాసే అర్జీతో చెట్టు తిరిగి రాదు.

కన్నడం సంగతి. మీ వీధిలో కన్నడం చదువుకున్న పిల్లలు తప్పక ఉంటారు. పదో తరగతి పిల్ల రాసినా చాలు, అక్షరం అందంగా ఉండక్కర్లేదు. మా మొదటి కన్నడ అర్జీ రాసింది మా కింది వాటాలో ఉండే అమ్మాయే, ట్యూషన్‌కు వెళ్ళేముందు పది నిమిషాల్లో. కన్నడ కుటుంబాలను కూడా కలుపుకోండి. పార్కులో సాయంత్రం కూర్చునే ముసలివాళ్ళలో వాళ్ళూ ఉంటారు కదా. మనం తెలుగువాళ్ళుగా కాక ఆ వీధివాళ్ళుగా వెళ్ళాలి. వాట్సాప్ గ్రూపులో నూటయాభై మంది కోపం కంటే ఆఫీసులో అర్జీలు తీసుకునే టపాలు సెక్షన్‌లో పన్నెండు సంతకాల అర్జీ ఎక్కువ పని చేస్తుంది. రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి వాళ్ళకిచ్చి రెండోదాని మీద తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. ‘రేపు రండి’ అంటే అక్కడే నిలబడండి. ముద్ర పడని అర్జీకి ముప్పై రోజుల లెక్క చూపించలేరు.

‘పైనుంచి ఆర్డరు’ అన్నారు కదా. ఆర్డరుకు నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. మీ మొదటి అర్జీలో ఆ మూడే అడగండి. నకలు చేతికొచ్చాక, అందులో ఏ సర్వే నంబరు ఉందో చూసి నాకు మళ్ళీ రాయండి. జారుడుబల్లను మాత్రం ఎవరింటి ముందైనా జాగ్రత్తగా పెట్టించండి. పాత ఇనుము వాళ్ళకు వెళ్ళిపోనివ్వకండి.