బుజ్జీ, స్టైపెండ్ ఒకటో తారీఖునే పడాలి

చిరంజీవి బుజ్జికి, అత్త ఆశీస్సులు.

వేసవికి ఐఐటీ, బిట్స్ పిల్లల్ని ఇంటర్న్‌లుగా తీసుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మాదాపూర్‌లో రెండు గదుల ఆఫీసు పెట్టుకున్న మా బుజ్జి దగ్గరికి అంత పెద్ద కాలేజీల పిల్లలు వస్తున్నారా అని పొంగిపోయాను. ఆ వెంటనే "డబ్బులు మాత్రం చివర్లో ఒకేసారి ఇస్తాడట" అన్నాడు. అప్పటినుంచీ ఒకటే టెన్షన్.

తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఐఐటీ పిల్లల కోసం మార్చిలో వెతికితే మంచివాళ్లు మిగలరు. అంతకుముందు ఏడాది ఆగస్టు నాటికే క్యాంపస్‌లో ఇంటర్వ్యూలు మొదలైపోతాయి. పైగా వేసవికొచ్చినవాళ్లు పని చేతికొచ్చేసరికి వెళ్లిపోతారు. బిట్స్ వాళ్లు చదువులో భాగంగానే పిల్లల్ని కంపెనీల్లో పనికి పంపే ప్రాక్టీస్ స్కూల్ ఉంది కదా, దాని రెండో విడత పిల్లలైతే ఐదున్నర నెలల దాకా ఉంటారు, నీకు అదే నయం. ఎవరికి ఏ పని, ఎవరు నేర్పాలి అన్నది ముందే రాసిపెట్టుకో.

ఇక డబ్బు సంగతి. నేను అకౌంట్స్ చూసిన ఒక కంపెనీలో మా బాస్ కూడా నీలాగే అన్నాడు: "అంత పెద్ద కాలేజీలో చదివేవాళ్లకి డబ్బుకి లోటేంటి? ఆఖర్న ఇద్దాం." ఆ బ్యాచ్‌లో శ్రీకాకుళం అబ్బాయి ఒకడు ఉండేవాడు. అందరూ వెళ్లిపోయినా ఆఫీసులోనే కూర్చునేవాడు. పనంటే ఎంత శ్రద్ధో అని బాస్ మెచ్చుకునేవాడు కూడా. ఒకరోజు నా టేబుల్ దగ్గరికొచ్చి, "మేడమ్, ఆఖర్న ఇచ్చే డబ్బులోంచి రెండు వేలు ఇప్పుడిస్తారా?" అని నేల చూస్తూ అడిగాడు. హాస్టల్ అడ్వాన్సు కట్టడానికి వాళ్ల నాన్న అప్పు చేశాడట. రాత్రిపూట ఆఫీసు బిస్కెట్లే ఆ పిల్లాడికి భోజనం. బాస్ రూల్ అంటే రూల్ అన్నాడు. నేను ఇవ్వబోతే అబ్బాయి తీసుకోలేదు. వారం తిరక్కుండా ఊరెళ్లిపోయాడు. వాడు కంప్యూటర్‌లో రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అలాగే ఆగిపోయింది.

కాలేజీ పేరు చూసి ఇంటి పరిస్థితి అంచనా వేయకురా. 2016లో ఐఐటీల్లో ఏడాది ఫీజును 90 వేల నుంచి 2 లక్షలకు పెంచినప్పుడు, కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్నవాళ్లకు ఆ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. అలాంటి ఇళ్ల పిల్లలు అక్కడ ఉన్నారు కాబట్టే కదా! ఫీజు మాఫీ అయినంత మాత్రాన హైదరాబాద్‌లో గది అద్దె ఎవరు కడతారు?

అందుకే, చేరకముందే సగం నెల డబ్బు వాళ్ల ఖాతాలో వెయ్యి. ఆ తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖు దాటకూడదు. ముగ్గురికి ఇవ్వలేకపోతే ఒక్కరినే తీసుకో, తప్పేం లేదు. నూజివీడు ట్రిపుల్ ఐటీ నుంచి వచ్చిన అమ్మాయి అదే పని చేస్తుంటే ఆమెకూ అంతే ఇవ్వాలి. ఆడపిల్లలకు రాత్రి ఆలస్యమైతే క్యాబ్ నువ్వే పెట్టు, ఇంటికి చేరామని ఫోన్ వచ్చేదాకా నువ్వు పడుకోవద్దు.

కోప్పడ్డానని అనుకోకు నాన్నా. నీ చేతికింద నలుగురు పనిచేస్తున్నారంటే నాకెంత గర్వమో నీకు తెలియదు. ఆఫర్ లెటర్ పంపేముందు నాకు వాట్సాప్ చెయ్యి, డబ్బు ఏ తేదీన ఇస్తావో అందులో రాశావో లేదో చూస్తాను. నువ్వు కూడా వేళకి అన్నం తిను.

మీ అత్త